చదువుకునే గంట ఎవరిది?

చాలా ఏళ్ల కిందట బాలానగర్‌లో ఒక చిన్న టూల్‌రూమ్‌లో పనిచేసేటప్పుడు మా పక్క మెషీన్ మీద ఒక డిప్లొమా కుర్రాడు ఉండేవాడు. షిఫ్టు అయిపోగానే చేతులకంటిన కూలెంటు కడుక్కుని, ఉస్మానియాలో సాయంత్రం బి.ఇ. క్లాసులకు పరుగెత్తేవాడు. రెండు బస్సులు మారాలి. ఇల్లు చేరి అన్నం తినేసరికి పదిన్నర. తెల్లారితే మళ్లీ ఎనిమిదింటికి కార్డు పంచ్. పరీక్షల ముందు నాలుగు రోజులు సెలవడిగితే సూపర్‌వైజరు ఒకటే మాట అనేవాడు: "నువ్వు చదువుకుంటే మాకేంట్రా లాభం?" ఆ మాట దురుసుగా ఉండేది గానీ, అబద్ధం మాత్రం కాదు. కుర్రాడికి డిగ్రీ చేతికొచ్చిన రెండో నెలలోనే ఇంకో కంపెనీలో పెద్ద జీతానికి వెళ్లిపోయాడు. "చెప్పానా!" అన్నాడు సూపర్‌వైజరు.

తప్పు ఎవరిదని అప్పట్లో మేం చాలానే వాదించుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే తప్పు ఇద్దరిదీ కాదనిపిస్తుంది. ఒకే మనిషి మీద ఉద్యోగమూ చదువూ రెండూ పడ్డప్పుడు చదువుకునే గంటను ఎవరి ఖాతాలో రాయాలన్నది ఎవరూ తేల్చలేదు. కుర్రాడి ఖాతాలో రాస్తే అది అతని నిద్రలోంచి పోతుంది. యజమాని ఖాతాలో రాస్తే అతనికి ఏదో ఒక హామీ కావాలి. సర్కారు ఖాతాలో రాస్తే పన్ను ఎవరు కడతారన్నది తేలాలి. ఉద్యోగం చేస్తూ జీతం తీసుకుంటూ, ఫీజు కట్టకుండా ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తిచేసే 'డిగ్రీ అప్రెంటిస్‌షిప్' అనే ఏర్పాటు ఇంగ్లండులో 2015 నుంచి నడుస్తోంది. ఆ ఏర్పాటు ఈ లెక్కను తేల్చే ప్రయత్నమే. దాని మంచిచెడ్డలు చూసి, మన దగ్గర ఏముందో, ఏం లేదో బేరీజు వేసుకుందాం.

పనినీ చదువునూ కలపడం కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండులోని సండర్లాండ్ టెక్నికల్ కాలేజీ 1903లోనే 'శాండ్‌విచ్ కోర్సు' పెట్టింది. రెండు చదువు రొట్టెల మధ్య ఒక పని ముక్క అన్నమాట. 1906లో అమెరికాలోని సిన్సినాటీ విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ప్రొఫెసరు 27 మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో 'కో-ఆప్' పద్ధతి మొదలుపెట్టాడు. కొంతకాలం క్లాసు, కొంతకాలం ఫ్యాక్టరీ. 1957లో పుట్టిన కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం ఈ పద్ధతినే పునాదిగా చేసుకుని పెరిగింది. మన పిల్లలు ఇవాళ వాటర్లూ పేరు చెప్పి ముచ్చటపడేది ఇందుకే. అయితే వీటన్నిటిలో మనిషి ముందు విద్యార్థి, మధ్యలో మాత్రమే పనివాడు. ఫీజు తనదే. కంపెనీ ఇచ్చేది ఆ కొన్ని నెలల కూలి. డిగ్రీ అప్రెంటిస్‌షిప్ ఆ వరసను తిరగేసింది. ఇందులో మనిషి మొదటి రోజు నుంచే ఉద్యోగి, విశ్వవిద్యాలయం ఆ ఉద్యోగంలో ఒక భాగం.

ఆ తిరగేసిన వరసను ఇంగ్లండు కన్నా చాలా ముందే పద్ధతిగా నిలబెట్టింది జర్మనీ. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో డైమ్లర్-బెంజ్, బాష్ లాంటి కంపెనీలకు డెబ్బైల మొదట్లో ఒక బెంగ పట్టుకుంది. పై చదువులు చదవగలిగిన పిల్లలందరూ విశ్వవిద్యాలయాలకు పోతున్నారు, షాప్ ఫ్లోరుకు తెలివైనవాళ్లు మిగలడం లేదు. అందుకని 1974లో స్టట్‌గార్ట్‌లోనూ మాన్‌హైమ్‌లోనూ 'బెరూఫ్స్అకాడమీ'లు తెరిచారు. పిల్లవాడికి ముందు కంపెనీలో ఒప్పందం కావాలి, ఆ తర్వాతే కాలేజీలో చేరిక. మూడు నెలలు క్లాసు, మూడు నెలలు కంపెనీ, ఇలా మూడేళ్లు. జీతం ఆగకుండా వస్తుంది. ఆ అకాడమీలే 2009 మార్చిలో ఒక విశ్వవిద్యాలయంగా మారాయి. దాన్ని పొట్టిగా డి.హెచ్.బి.డబ్ల్యూ. అంటారు. వేలాది కంపెనీలు దాని భాగస్వాములు. 2012 నుంచి ఈ విద్యార్థులను చదువు నెలల్లో కూడా సామాజిక బీమా పరిధిలోకి తెచ్చారు. అంటే క్లాసులో కూర్చున్న నెలలో కూడా చట్టం దృష్టిలో వాళ్లు ఉద్యోగులే. గంట ఎవరిదన్న ప్రశ్నకు జర్మనీ క్యాలెండరుతో జవాబు చెప్పింది. ఈ మూడు నెలలు కాలేజీవి, ఆ మూడు నెలలు కంపెనీవి, జీతం మాత్రం రెంటికీ కంపెనీదే.

ఇంగ్లండు వేరే దారిలో వచ్చింది. 2012 నుంచి అక్కడ విశ్వవిద్యాలయాలు ఏడాదికి 9,000 పౌండ్ల దాకా ఫీజు వసూలు చేయడం మొదలుపెట్టాయి. అది 2017లో 9,250కి, 2025లో 9,535కి పెరిగింది. మూడేళ్ల డిగ్రీ అయ్యేసరికి పిల్లవాడి నెత్తిన పెద్ద అప్పే ఉంటుంది. మరో పక్క ఇంజనీరింగ్ కంపెనీలకేమో పని తెలిసిన గ్రాడ్యుయేట్లు దొరకడం లేదు. ఈ రెండు కష్టాలనూ ఒకే ముడి వేసి 2015లో డిగ్రీ అప్రెంటిస్‌షిప్ తెచ్చారు. ఇంజనీరింగ్ మొదటి వరసలోనే ఉంది. తయారీ ఇంజనీరు, విమాన ఇంజనీరు, సివిల్ ఇంజనీరు, అణు ఇంజనీరు, ఇలా ఒక్కో వృత్తికి ఒక్కో 'ప్రమాణం' రాశారు. ఆ ప్రమాణాన్ని ప్రొఫెసర్లు తమంతట తాము రాయలేదు, ఆ రంగంలోని యజమానులు ఒక గుంపుగా కూర్చుని రాశారు. ఆ వృత్తిలో ఉండాల్సిన జ్ఞానం, నైపుణ్యం, నడవడిక మూడూ అందులో విడివిడిగా ఉంటాయి. నడవడికను సిలబస్‌లో చూస్తే మనకు నవ్వొస్తుంది గానీ, సేఫ్టీ గాగుల్స్ పెట్టుకోకుండా గ్రైండరు ముందు నిలబడే బి.టెక్ పిల్లలను చూసిన ఫోర్‌మన్‌కు నవ్వు రాదు.

అసలు కిటుకు డబ్బు దగ్గర ఉంది. 2017 ఏప్రిల్‌లో బ్రిటన్ 'అప్రెంటిస్‌షిప్ లెవీ' అనే పన్ను పెట్టింది. జీతాల పద్దు ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటిన ప్రతి యజమానీ ఆ పద్దులో అర శాతం కట్టాలి, అందులో 15 వేల పౌండ్లు మినహాయింపు. 50 లక్షల పౌండ్ల జీతాలిచ్చే కంపెనీకి అర శాతం 25 వేలు, మినహాయింపు పోగా కట్టేది 10 వేలు. ఇంగ్లండులో ఆ డబ్బు కంపెనీ పేరు మీదే ఒక ఆన్‌లైన్ ఖాతాలో పడుతుంది. అప్రెంటిస్‌ను పెట్టుకుంటే ఆ ఖాతాలోంచి విశ్వవిద్యాలయానికి ఫీజు వెళుతుంది. గడువులోగా పెట్టుకోకపోతే సొమ్ము చేజారుతుంది. లెవీ కట్టనంత చిన్న కంపెనీలకు శిక్షణ ఖర్చులో చాలా భాగం సర్కారే భరిస్తుంది. అప్రెంటిస్ జేబులోంచి ఒక్క పెన్నీ తీసుకోకూడదు. మధ్యలో మానేసినా శిక్షణ ఖర్చు వాడి దగ్గర రాబట్టకూడదన్న నిబంధన ఉంది. బాండు అన్న మాట వింటూ పెరిగిన మన చెవులకు ఇది కాస్త కొత్తగా వినిపిస్తుంది.

ఇక గంట సంగతి. మొదట్లో నిబంధన ఇలా ఉండేది: అప్రెంటిస్ పని గంటల్లో కనీసం 20 శాతం పనికి బయట శిక్షణలో గడవాలి. అంటే వారంలో ఒక రోజు. 2022లో దాన్ని ఫుల్‌టైమ్ వాళ్లకు వారానికి కనీసం 6 గంటలుగా మార్చారు. 2025 నుంచి ఒక్కో ప్రమాణానికి ఇన్ని గంటలని విడిగా చెబుతున్నారు. అంకె ఎన్నిసార్లు మారినా సూత్రం మారలేదు. ఆ గంటలు పని వేళల్లోనే ఉండాలి, వాటికి జీతం ఇవ్వాలి, సాయంత్రమో ఆదివారమో చదివించి లెక్కలో రాసుకోవడానికి వీల్లేదు. పని ఒత్తిడి వల్ల సాయంత్రం చదవాల్సి వస్తే ఆ గంటలకు బదులు సెలవివ్వాలి. పన్నెండు వారాలకోసారి అప్రెంటిస్, కంపెనీ మనిషి, విశ్వవిద్యాలయం మనిషి ముగ్గురూ కూర్చుని ఎంతవరకు వచ్చిందో చూసుకుంటారు. నా దృష్టిలో ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికన్నా విలువైనది ఈ చిన్న నిబంధనే. లెవీ లేకపోయినా ఏదో రకంగా డబ్బు పుట్టించవచ్చు. కానీ గంటను కాగితం మీద రాయకపోతే మా బాలానగర్ కథే మళ్లీ మొదలవుతుంది.

నడిచే తీరు చోటుచోటుకీ వేరు. కొన్ని కంపెనీలు వారానికి ఒక రోజు వదులుతాయి, కొన్ని ఏడాదిలో కొన్ని వారాలు ఒకేసారి పంపుతాయి. యార్క్‌షైర్‌లో ఒకప్పటి ఆర్‌గ్రీవ్ కోక్ బొగ్గు కర్మాగారం స్థలంలో షెఫీల్డ్ విశ్వవిద్యాలయపు ఎ.ఎం.ఆర్.సి. అనే తయారీ పరిశోధన సంస్థ ఉంది. బోయింగ్‌తో కలిసి 2001లో పెట్టిన కేంద్రం అది. 1984లో గని కార్మికులూ పోలీసులూ తలపడ్డ నేల మీద ఇప్పుడు పద్దెనిమిదేళ్ల పిల్లలు ఐదు యాక్సిస్‌ల సి.ఎన్.సి. మెషీన్ల మీద లోహం కోస్తూ, డిగ్రీ దాకా వెళ్లే దారిలో ఉన్నారు. సింగరేణి ప్రాంతం వాళ్లు ఒకసారి చూడదగ్గ చోటు. విల్ట్‌షైర్‌లోని మామ్స్‌బరీలో వాక్యూమ్ క్లీనర్ల డైసన్ 2017లో ఏకంగా సొంత ఇంజనీరింగ్ సంస్థే తెరిచింది. వారంలో మూడు రోజులు పని, రెండు రోజులు చదువు. మొదట్లో వారిక్ విశ్వవిద్యాలయం డిగ్రీలు ఇచ్చేది, 2020లో ఆ సంస్థకే డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. రోల్స్ రాయిస్, ఎయిర్‌బస్, బి.ఎ.ఇ. సిస్టమ్స్ ఈ దారిలో పిల్లలను తీసుకుంటున్నాయి. 2008 నుంచి టాటాల చేతిలో ఉన్న జాగ్వార్ ల్యాండ్ రోవర్ కూడా వారిక్‌తో కలిసి ఇదే నడుపుతోంది. మన దేశపు యాజమాన్యం అక్కడి చట్టం కింద చదువు గంటకు జీతమివ్వడానికి ఇబ్బంది పడటం లేదు మరి.

ఇంతవరకూ చదివినవారికి ఇదంతా స్వర్గంలా కనిపించి ఉండొచ్చు. కాదు. మొదటి కష్టం కాలం. మామూలు బి.ఇంగ్. మూడేళ్లలో అయిపోతే, ఇది నాలుగైదేళ్లు పడుతుంది. వేసవి సెలవులుండవు. ఉద్యోగికి ఎన్ని రోజుల సెలవో అన్ని రోజులే. ఇరవై ఏళ్ల వయసులో తోటివాళ్లు హాస్టల్లో పడీ పడీ నవ్వుతుంటే, వీడు పొద్దున్న ఆరింటికి లేచి బాయిలర్ సూట్ వేసుకుంటాడు. కాగితం మీద వారానికి ఆరు గంటలున్నా, ఇంజనీరింగ్ గణితం ఆరు గంటల్లో ఒంటపట్టే విద్య కాదు. లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మూ, ఫ్లూయిడ్ మెకానిక్సూ రాత్రిపూట టేబుల్ లైటు కిందే తెలుస్తాయి. ఎన్ని చట్టాలు రాసినా ఆ రాత్రి గంటలు అప్రెంటిస్ ఖాతాలోనే మిగులుతాయి. పైగా చదువు చివర 'ఎండ్ పాయింట్' మదింపు ఒకటుంది. నాలుగేళ్లుగా చేసిన పనుల దస్త్రం పెట్టుకుని, ఒక ప్రాజెక్టు చూపించి, వృత్తి నిపుణుల ముందు కూర్చుని జవాబులు చెప్పాలి. మార్కులు తెచ్చుకోవడం ఒక ఎత్తు, 'ఈ బేరింగ్ ఎందుకు మార్చావు' అని అడిగితే నీళ్లు నమలకుండా చెప్పడం ఇంకో ఎత్తు.

రెండోది, కంపెనీ నీడ. ఐదేళ్లు ఒకే కంపెనీ మెషీన్లు, ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్. ఆ కంపెనీ మునిగితేనో, ఆ విభాగం ఎత్తేస్తేనో చదువు మధ్యలో తెగుతుంది. కొత్త యజమాని దొరికితేనే ముందుకు సాగుతుంది. విద్యార్థికి చదువు మీద విసుగొస్తే కోర్సు మార్చుకోవచ్చు, అప్రెంటిస్‌కు ఆ వెసులుబాటు లేదు.

మూడోది విశ్వవిద్యాలయాల గోడు. ఎంత పెద్ద ప్రమాణమైనా సర్కారు ఇచ్చే గరిష్ఠ మొత్తం 27 వేల పౌండ్లు, అందులోనే చివరి మదింపు ఖర్చు కూడా. మామూలు విద్యార్థి మూడేళ్లకు 2025 నాటి 9,535 చొప్పున కట్టేది 28,605. అంటే ఎక్కువ ఏళ్లు, ఎక్కువ పర్యవేక్షణ, పన్నెండు వారాలకోసారి సమీక్ష, చివరికి వచ్చేది తక్కువ డబ్బు. లేబొరేటరీలు నడిపే ఇంజనీరింగ్ విభాగాలకు ఇది బొటాబొటిగా సరిపోతుంది. పేరున్న పాత విశ్వవిద్యాలయాల్లో చాలామటుకు దీనికి కాస్త దూరంగానే ఉండి, ఒకప్పటి పాలిటెక్నిక్‌లు ఉత్సాహంగా దిగడానికి ఇదొక కారణమని నా అనుమానం.

నాలుగోది అన్నిటికన్నా చేదు. ఈ సీట్లు ఎవరికి వెళుతున్నాయి? ఇంగ్లండులో అప్రెంటిస్‌షిప్‌లలో ఏటా చేరేవాళ్లు మూడు లక్షల పైచిలుకు. అందులో డిగ్రీ, ఆపై స్థాయిలో చేరేవాళ్లు 2023-24 నాటికి 50 వేలు దాటారు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ అందులో అకౌంటెంట్లు, అప్పటికే ఉద్యోగంలో ఉన్న మేనేజర్లు బోలెడంత మంది. లెవీ ఖాతాలో మురుగుతున్న డబ్బుతో కంపెనీలు తమ పెద్ద మేనేజర్లకు ఎం.బి.ఎ.లు చేయించాయి. గొడవ ముదిరాక 2021లో 'సీనియర్ లీడర్' ప్రమాణం నుంచి ఎం.బి.ఎ.ను తీసేశారు. 2026 జనవరి నుంచి మాస్టర్స్ స్థాయి అప్రెంటిస్‌షిప్‌లకు సర్కారు డబ్బును ప్రధానంగా 16 నుంచి 21 ఏళ్ల వాళ్లకే పరిమితం చేశారు. డిగ్రీ స్థాయి ఇంజనీరింగ్‌కేమో పోటీ విపరీతం. పేరున్న కంపెనీలో చోటు దొరకడమంటే దరఖాస్తు, ఆన్‌లైన్ పరీక్ష, రోజంతా సాగే మదింపు, ఇంటర్వ్యూ. ఇవన్నీ దాటేది ఎవరు? ఇంట్లో ఎవరో ఒకరు కోచింగ్ ఇవ్వగలిగినవాళ్లు, బడిలో మంచి కెరీర్ సలహాదారున్నవాళ్లు, ఫ్యాక్టరీ ఉన్న ఊరికి మకాం మార్చగలిగినవాళ్లు. పేద పిల్లలకు అప్పులేని డిగ్రీ అని మొదలైన ఏర్పాటు ఉన్నవాళ్ల పిల్లలకే ఎక్కువ అందుతోందని సటన్ ట్రస్ట్ లాంటి సంస్థలు మొత్తుకుంటూనే ఉన్నాయి. ఐ.ఐ.టి. కోచింగ్ చూసిన మనకు ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు.

తెలుగువాళ్ల విషయానికి వస్తే, ఇక్కడొక హెచ్చరిక చెప్పాలి. స్టూడెంట్ వీసా మీద బ్రిటన్ వెళ్లిన వాళ్లకు ఈ అప్రెంటిస్‌షిప్ నిధులు వర్తించవు. మామూలుగా మూడేళ్లపాటు అక్కడ నివాసం ఉండి, అందుకు తగిన హోదా ఉండాలి. స్టూడెంట్ వీసాతో డిగ్రీ చదివేవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పనిచేయొచ్చు. గోదాములోనో హోటల్లోనో చేసే ఆ పనికీ వాళ్ల ఇంజనీరింగ్‌కూ సాధారణంగా సంబంధం ఉండదు. 'పనిచేస్తూ చదవొచ్చు' అని కన్సల్టెన్సీలో ఎవరైనా అంటే ఏ పని, ఎన్ని గంటలు, జీతం ఇచ్చేది ఎవరు అని మూడు ప్రశ్నలు అడగండి. అవతలివాడు తడబడితే సంగతి తెలిసిపోతుంది. జర్మనీ సంగతీ అంతే. అక్కడి ద్వంద్వ చదువులు దాదాపు జర్మన్ భాషలోనే సాగుతాయి, కంపెనీ ఒప్పందం ముందు చేతికి రావాలి. బి.టెక్ తర్వాత మాస్టర్స్‌కు వెళ్లే మన పిల్లల దారి అది కాదు.

అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాల కథ వేరు. వాళ్ల పిల్లలు అర్హులే. చిక్కు ఇంట్లో వస్తుంది. "పన్నెండో తరగతిలో అన్నీ ఎ గ్రేడ్లు తెచ్చుకుని ఫ్యాక్టరీలో పనికి పోవడమేంటమ్మా" అని అమ్మమ్మ ఫోన్లో అడుగుతుంది. 'అప్రెంటిస్' అన్న మాట మన చెవికి రైల్వే వర్క్‌షాపునో ఐ.టి.ఐ.నో గుర్తుచేస్తుంది. ఆ మాట చుట్టూ మనం కట్టుకున్న చిన్నచూపు మనతోపాటే సముద్రం దాటింది.

ఇక మన దేశానికొద్దాం. అప్రెంటిస్ చట్టం మనకు 1961 నుంచే ఉంది. 1973 సవరణతో ఇంజనీరింగ్ గ్రాడ్యుయేట్లు, డిప్లొమాదారులు కూడా దాని కిందికి వచ్చారు. దక్షిణాది రాష్ట్రాలకు చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ బోర్డు చూసుకుంటుంది. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్., రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్., విశాఖ ఉక్కు, సింగరేణి, దక్షిణ మధ్య రైల్వే వర్క్‌షాపులు తరాలుగా అప్రెంటిస్‌లను తీసుకుంటూ వచ్చాయి. 30 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉద్యోగులున్న సంస్థ తన బలంలో 2.5 నుంచి 15 శాతం మంది అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. చట్టం లేదని మనం అనుకోవడానికి లేదు.

లోపం మూడు చోట్ల ఉంది. ఒకటి, మన గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌షిప్ డిగ్రీ అయిపోయాక చేసే ఏడాది. చదువూ పనీ కలవవు, ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబడతాయి. రెండు, చట్టంలో 18వ సెక్షను అప్రెంటిస్ కార్మికుడు కాడు, శిక్షణార్థి మాత్రమే అంటుంది. అందుకని కార్మిక చట్టాల రక్షణ చాలామటుకు అతనికి రాదు. ఇంగ్లండులో అప్రెంటిస్ మొదటి రోజు నుంచే ఉద్యోగి అన్న సంగతి గుర్తుంచుకోండి. తేడా అంతా అక్కడే ఉంది. మూడు, డబ్బు. 2019 నిబంధనల ప్రకారం కనీస స్టైపెండు అర్హతను బట్టి నెలకు 5 వేల నుంచి 9 వేల రూపాయలు, గ్రాడ్యుయేట్లకు 9 వేలు. గ్రాడ్యుయేట్ల స్టైపెండులో సగం కేంద్రం తిరిగి ఇస్తుంది. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి దీన్ని 36 శాతం పెంచి 6,800 నుంచి 12,300 వరకు చేయాలని సిఫారసు చేసింది. హైదరాబాదులో హాస్టల్ గదికీ మెస్సుకీ ఇస్తే మిగిలేదెంతో లెక్క చూసుకోండి. ఊళ్లో అమ్మానాన్నలు నెలనెలా డబ్బు పంపిస్తేనే అప్రెంటిస్‌షిప్ చేయగలిగే పరిస్థితి ఉంటే, దాన్ని సంపాదన అనడం కష్టం.

చదువులోనే పనిని ఇమిడ్చే ప్రయత్నం కూడా మొదలైంది. యు.జి.సి. 2020లో ఒకసారి, 2025లో మరింత వివరంగా అప్రెంటిస్‌షిప్ కలిసిన డిగ్రీ మార్గదర్శకాలు ఇచ్చింది. మూడేళ్ల డిగ్రీలో ఒకటి నుంచి మూడు సెమిస్టర్లు, నాలుగేళ్ల దానిలో రెండు నుంచి నాలుగు సెమిస్టర్లు పనిలో గడపవచ్చు, దానికి క్రెడిట్లుంటాయి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే మూడేళ్ల డిగ్రీల్లో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. ఆలోచన మంచిదే. కానీ ఊరూరా డిగ్రీ కాలేజీలున్న చోట అంతమందికి పది నెలల నిజమైన పని చూపించే కంపెనీలు ఎక్కడున్నాయి? ఇంజనీరింగ్‌లో ఎ.ఐ.సి.టి.ఇ. పెట్టిన ఇంటర్న్‌షిప్ గంటలకు ఏం జరిగిందో చూశాం. అమీర్‌పేటలో ప్రాజెక్టు రిపోర్టు దొరికినట్టే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్టూ దొరుకుతోంది. ఇంగ్లండులో కంపెనీ ముందు, కాలేజీ తర్వాత. మనం కాలేజీని ముందు పెట్టి, కంపెనీని వెతుక్కోమని పిల్లవాడికి చెబుతున్నాం. బండి వెనక ఎద్దును కట్టడమంటే ఇదే.

మన దగ్గర నిజంగా నిలబడ్డ ఉదాహరణ ఒకటుంది, దాన్ని మనం తగినంత మెచ్చుకోలేదు. బిట్స్ పిలానీ 1979 నుంచి పనిచేసేవాళ్ల కోసం డిగ్రీలు నడుపుతోంది. విప్రోతో కలిసి నడిపిన 'వేస్' అనే కార్యక్రమంలో బి.ఎస్సీ. చదివిన పిల్లలు ఉద్యోగంలో చేరి, వారాంతపు క్లాసులతో నాలుగేళ్లలో ఎం.ఎస్. తెచ్చుకున్నారు. ఫీజు కంపెనీది, స్టైపెండు కంపెనీది. ఇంజనీరింగ్ సీటు కొనలేక గణితం బి.ఎస్సీ.లో చేరిన తెలుగు పిల్లలు ఎంతోమంది సాఫ్ట్‌వేర్‌లోకి ఈ తలుపులోంచే అడుగుపెట్టారు. ఇంటర్ తర్వాత నేరుగా తీసుకుని పని నేర్పి, పనిచేస్తూనే డిగ్రీ చదివించే హెచ్.సి.ఎల్. టెక్‌బీ ఈ మధ్య మన రెండు రాష్ట్రాల్లోనూ బాగా తెలిసిన దారి. లోపాలు లేవని కాదు. క్లాసులు శని, ఆదివారాల్లోనో రాత్రుల్లోనో ఉంటాయి. గంట మళ్లీ పిల్లవాడిదే. పైగా ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌వి. మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్‌లో ఇంత పెద్ద ఎత్తున నడిచిన ఏర్పాటు మన దగ్గర నాకు కనబడలేదు.

ఉద్యోగం చేస్తూ చదివిన డిప్లొమా ఇంజనీర్ల సంగతి ఇంకా దయనీయం. వాళ్లకు దశాబ్దాలపాటు దిక్కు ఎ.ఎం.ఐ.ఇ. 1920లో పుట్టిన ఇంజనీర్ల సంస్థ పెట్టే పరీక్ష అది. రాత్రుళ్లు చదివి సెక్షన్ ఎ, సెక్షన్ బి దాటితే డిగ్రీతో సమానమైన హోదా. 2013 మే 31 తర్వాత చేరినవాళ్లకు ఆ గుర్తింపు తెగిపోయింది. దూరవిద్యలో బి.టెక్ చేసినవాళ్ల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు పిడుగులా పడింది. నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలు చెల్లవని తేల్చింది. ఆ డిగ్రీతో ప్రమోషన్లు తెచ్చుకున్న సర్కారు ఇంజనీర్లు ఉన్నట్టుండి ఎటూ కాకుండా పోయారు. తీర్పు సరైనదే, వర్క్‌షాపు లేకుండా ఇంజనీరింగ్ ఏమిటి? కానీ ఆ మనుషులు వర్క్‌షాపులోనే పనిచేస్తున్నారన్న సంగతిని లెక్కలోకి తీసుకునే చదువు మనం తయారుచేయలేదు. 2023-24 నుంచి ఎ.ఐ.సి.టి.ఇ. ఉద్యోగుల కోసం కాలేజీల్లో సాయంత్రం బ్యాచులకు అనుమతినిచ్చింది. సంతోషమే. అయితే యజమాని ఒప్పుకోలుకు మించి కంపెనీకి అందులో బాధ్యతేమీ లేదు. ఉస్మానియా సాయంత్రం క్లాసు మళ్లీ తలుపు తెరిచిందంతే.

మన రెండు రాష్ట్రాలూ ఇంజనీరింగ్ సీట్ల మీద ఏటా పెద్ద మొత్తమే ఖర్చుపెడుతున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 నుంచి ఉంది. తెలంగాణలో పది వేల లోపు ర్యాంకుకు పూర్తి ఫీజు, ఆపై ర్యాంకులకు సాధారణంగా 35 వేల దాకా ఇస్తారు. బకాయిల గొడవ పక్కనపెడితే, సర్కారు సీటుకు డబ్బిస్తోంది, గంటకు ఇవ్వడం లేదు. పటాన్‌చెరులోనో శ్రీసిటీలోనో ఒక కంపెనీ పదిమంది డిప్లొమా పిల్లలను ఉద్యోగులుగా తీసుకుని, వారంలో ఒక రోజు జీతంతో సహా కాలేజీకి పంపుతానంటే, ఆ పదిమంది ఫీజును సర్కారు నేరుగా కాలేజీకి కట్టడం అసాధ్యమేమీ కాదు. సీటు ర్యాంకుతో కాక ఉద్యోగ ఒప్పందంతో వస్తుంది. లెవీ లాంటి కొత్త పన్ను అక్కర్లేదు, ఉన్న పద్దులో ఒక కొత్త గడి చాలు. వెయ్యి సీట్లతో, మెకానికల్ బ్రాంచిలు ఖాళీగా ఉన్న కాలేజీల్లో మొదలుపెట్టి చూడొచ్చు. ఆ బ్రాంచిలు ఎటూ ఖాళీగానే ఉన్నాయి.

అంతదాకా ఎవరైనా మీ పిల్లవాడికి 'చదువుతూ సంపాదించే' ఒప్పందం చూపిస్తే, జీతం అంకె తర్వాత చూద్దురుగాని. చదువు గంటలు పని వేళల్లో ఉన్నాయని ఎక్కడ రాశారో ముందు వెతకండి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలన్నది చదవండి. డిగ్రీ ఏ విశ్వవిద్యాలయానిదో, దానికి ఎ.ఐ.సి.టి.ఇ., యు.జి.సి. గుర్తింపులు ఉన్నాయో లేదో ఆ సంస్థల వెబ్‌సైట్లలో మీరే సరిచూసుకోండి. చదువు గంటల మాట కాగితం మీద లేకపోతే రాసివ్వమని అడగండి. రాసివ్వం అంటే సంతకం చేయకండి.